తొట్టి నీళ్ళు

పట్టుపురుగుల షెడ్డు నాది. భూమి మా ఆయన శివప్ప పేరున ఉంది, కరెంటు మీటరు కొడుకు లోకనాథ్ పేరున ఉంది. అయినా పుంగనూరు చుట్టుపక్కల ఎవరినడిగినా అది శ్యామలమ్మ షెడ్డనే చెబుతారు. ఇరవై రెండేళ్ళుగా ఏడాదికి ఐదారు పంటలు తీస్తున్నాను. నా నోరు పెద్దది, నా చెయ్యి శుభ్రం. ఈ రెండు సంగతులూ ఊరు ఒప్పుకుంటుంది. పోయిన ఎండాకాలం ఆ రెండూ కలిసి నా కోడలి కంటిని ఏం చేశాయో చెప్పడానికే ఇది.

పట్టుపురుగు బహు సుకుమారం. చంటిబిడ్డకైనా కాస్త ఓర్పు ఉంటుంది, దానికి ఉండదు. ఆరేళ్ళ కిందట పక్క చేనులో టమోటాకు మందు కొడుతుంటే గాలి మా వైపు తిరిగింది. సాయంత్రానికల్లా వేలిలావు పురుగులు తలలెత్తి, పచ్చగా కక్కుకుని చచ్చాయి. తట్టలతో ఎత్తి గుంతలో పూడ్చాం. ఆ రోజు నుంచి నా షెడ్డుకు నాదొక చట్టం. గుమ్మం ముందు బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు ముంచాలి. చేతులు మోచేతుల దాకా కడగాలి. షెడ్డు బట్టలు వేరే ఉంటాయి, అవి కట్టుకోవాలి. పౌడరు, సెంటు, మల్లెపూలు, అగరొత్తులు, వాసన తగిలేది ఏదైనా సరే గడప దాటకూడదు. ఒకసారి పట్టు శాఖ ఆఫీసరు సెంటు కొట్టుకుని వస్తే ఆయన్ని కూడా బయటే నిలబెట్టి, కిటికీలోంచి చూపించి పంపాను.

రేఖ మా ఇంటికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. కుప్పం దగ్గర గుడుపల్లె పిల్ల. డిగ్రీ చదివింది. మాట మెత్తన, పని గట్టి. లోటు ఒక్కటే, చూపు. మైనస్ ఆరో ఎంతో అంటారు. అద్దాలు తీస్తే ఎదురుగా నిలబడింది అత్తో ఆవో తెలియదు. “ఏదైతే ఏముందిలే, రెండూ పొడిచేవే,” అని నేనే ఆటపట్టించేదాన్ని.

ఎండాకాలంలో షెడ్డు చల్లగా ఉండాలని చుట్టూ తడిగోనెలు కడతాం, మాటిమాటికీ నీళ్ళు చల్లుతాం. లోపలంతా ఉక్క. రేఖ అద్దాలకు ఆవిరి పట్టేది, చెమటకు ముక్కు మీంచి జారేవి. మార్చి పంటలో అవి జారి పురుగుల్లో పడ్డాయి. వాటి కోసం తడుముకుంటూ గుప్పెడు పురుగుల్ని నలిపేసింది.

“ఆ సోడాబుడ్లు పెట్టుకొని ఇంగ షెడ్డులోకి రావద్దు మే,” అన్నాను. “నీ కండ్లు బాగయ్యేదాకా ఇంటికాడ ఆవులు సూసుకో.”

కళ్ళు ఎలా బాగవుతాయి? నోటికొచ్చింది అన్నాను, అంతే. కానీ ఆ మాట లోకనాథ్ పట్టుకున్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో పెళ్ళాన్ని మదనపల్లెకు తీసుకెళ్ళి, కళ్ళద్దాల షాపులో లెన్సులు ఇప్పించాడు. కంట్లోనే పెట్టుకునేవట. ఉల్లిపొర ముక్కంత ఉంది ఒక్కొక్కటి. ఇంటికి రాగానే రేఖ అద్దం ముందు కూర్చుని, వేలి మీద దాన్ని నిలబెట్టి కంట్లోకి తోస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

“కంట్లో ఏలు పెట్టుకొంటాండావే, పిచ్చి పట్టిందా నీకు?”

“నొప్పుండదత్తా,” అంటూ నా వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది. “సూడు, నీ ముక్కుపుడకలో ఒక రాయి ఊడిపోయుండాది. అది కూడా కనిపిస్తాండాది నాకు.”

ఆ రాయి ఊడి ఏడాదైంది. ఇంట్లో ఎవరూ గమనించలేదు.

*

ఏప్రిల్ నడుమ పురుగులు తెచ్చి పరిచాం. పురుగు పొర మార్చుకునే ముందు మేత మానేసి ఒక రోజు పడుకుంటుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగే గూడు కడుతుంది. మేం తెచ్చినవి రెండో జ్వరం లేచినవి. అక్కడి నుంచి గూడు దాకా పదిహేడు పద్దెనిమిది రోజులు. షెడ్డు ఇంటికి అరమైలు దూరంలో, మల్బరీ తోటలో ఉంది. పంట ఉన్నన్నాళ్ళూ నేనూ రేఖా షెడ్డును ఆనుకుని ఉన్న గదిలోనే ఉంటాం. మగవాళ్ళు ఆకు కోసి తెచ్చి పడేసి వెళతారు.

మొదటి రోజు రేఖ సంచిలోంచి బట్టలు తీస్తుంటే ఒక తెల్ల సీసా కనిపించింది. మూత తీసి వాసన చూశాను. ఆసుపత్రి వాసన లీలగా తగిలింది.

“ఏందిది?”

“లెన్సులు కడిగే మందత్తా. రేత్రిపూట ఈ డబ్బీలో పోసి అవి నానబెట్టల్ల.”

“మందంటాండావు, షెడ్డు కాడికి తెస్తాండావు. తెలిసి తెలిసి ఎట్ల తెస్తివి?”

“ఇది లేకుంటే కుదరదత్తా. నీళ్ళు తగలకూడదన్నాడు షాపాయన.”

నేను నవ్వాను. “నీళ్ళు తగలకూడని కన్ను యాడన్నా ఉంటాదా? పొద్దున్నే మొగం కడుక్కోవా నువ్వు? తొట్టి నిండా నీళ్ళుండాయి. మనం తాగేది అవే, పురుగులకు సల్లేది అవే. పురుగుకు పడిన నీళ్ళు నీ కంటికి పడవా?”

రేఖ ఒక్క క్షణం ఆ సీసా వైపు చూసింది. తర్వాత సరేనన్నట్టు తలూపింది. నేనే దాన్ని తీసుకెళ్ళి బోరు మోటారు గదిలో పెట్టి తాళం వేశాను. ఇరవై రెండేళ్ళ పని తెలిసినదాన్ని కదా, నాకు తెలియనిదేముంటుంది?

తొట్టి సిమెంటుది. బోరు నీళ్ళు వచ్చి పడతాయి. అంచుల వెంట పచ్చగా జిగురు, అడుగున కాస్త నాచు. ప్రతి పంటకూ షెడ్డు గోడలు, తట్టలు, నేల అన్నీ బ్లీచింగుతో కడుగుతాను. తొట్టిని కడగాలని ఎన్నడూ తోచలేదు. నీళ్ళుండేదాన్ని నీళ్ళతో కడగడమేమిటి?

నిజం చెప్పొద్దూ, ఆ పంటలో రేఖ పనిచేసిన తీరు చూసి నాకే ముచ్చటేసింది. వేల పురుగుల్లో రోగమొచ్చిన ఒక్కదాన్ని దూరం నుంచి కనిపెట్టేది. “అత్తా, ఆ మూల సూడు, అది మేత తినకుండా తిరుగుతాండాది,” అనేది. వెళ్ళి చూస్తే నిజమే. నేను ఏరిపారేసేదాన్ని. ఆకు మోసుకొచ్చే కూలీ దొరస్వామితో, “మా కోడలికి రెండు కండ్లు కాదప్పా, నాలుగు,” అని గొప్పగా చెప్పాను కూడా.

*

పన్నెండో రోజు పొద్దున రేఖ కుడి కన్ను నులుముకుంటూ లేచింది. కన్ను ఎర్రగా ఉంది.

“గరగరమంటాండాదత్తా.”

లెన్సులు తీసేయమన్నాను. తీసి పాత అద్దాలు పెట్టుకుంది. మర్నాటికి వెలుతురు చూడలేకపోయింది. ఆకు తేవడానికి బయటికి వెళితే తల మీద గోనె కప్పుకుని, కన్ను చేత్తో మూసుకుని వచ్చేది. జ్వరం లేచేటప్పుడు పురుగుల మీద సున్నం చల్లుతాం. అది కంట్లో పడి ఉంటుందనుకున్నాను. నందివర్ధనం పూలు నీళ్ళలో నానేసి రెప్పల మీద పెట్టాను. మా అమ్మ చేసేది అదే, వాళ్ళమ్మ చేసేది అదే. ఏ నీళ్ళలో నానేశానో వేరే చెప్పనక్కర్లేదు.

“అత్తా, ఇది కండ్లకలక మాదిరి లేదు,” అంది రేఖ పద్నాలుగో రోజు. గోడకు ఆనుకుని కూర్చుంది. పైపెదవి మీద చెమట. “లోపల్నుంచి ఎవురో సూదితో పొడుస్తాండట్లుండాది. ఆస్పత్రికి పోదాం.”

“పోదాంలే తల్లీ. రేపో ఎల్లుండో పురుగు పండతాది. రెండు దినాలు ఓర్సుకో. నువ్వు లేకుంటే ఎవురు ఏరతారు?”

పండిన పురుగు పసుపుగా తేలి, మేత మాని, తల ఊపుతుంది. అప్పుడు దాన్ని చేత్తో ఏరి, చంద్రికల మీద, అంటే వెదురుతో అల్లిన చాపల మీద వెయ్యాలి. కొన్ని గంటలు ఆలస్యమైతే దారమంతా మేతలోనే వదిలేస్తుంది. ఆ రెండు రోజులూ ఊళ్ళో మనుషులు దొరకరు, అందరి షెడ్లలోనూ అదే పని. రేఖ తువ్వాలుతో కుడి కన్ను కట్టుకుని, ఎడమ కంటితో పురుగులు ఏరింది. మధ్యమధ్యలో చెయ్యి ఆపి, పళ్ళు బిగించి, మళ్ళీ ఏరేది. చూస్తే నాకు గర్వంగా ఉండింది.

చివరి పురుగు చంద్రిక ఎక్కిన మర్నాడు, పదిహేడో రోజు, పుంగనూరులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోకనాథ్, రేఖ, నేను. చిన్న క్లినిక్కు, పెద్ద వయసు డాక్టరు, ఓపికైన మనిషి. కంట్లో లైటు వేసి చాలాసేపు చూశాడు.

“లెన్సులు వాడుతున్నావా అమ్మా? దేంతో కడుగుతావు?”

రేఖ నా వైపు చూసింది.

లోకనాథ్ పక్కనే నిలబడి ఉన్నాడు. సీసా మోటారు గదిలో ఉన్న సంగతి వాడికి తెలియదు. చెబితే అక్కడే, పదిమంది ముందు, ఏమంటాడో. అయినా నీళ్ళలో ఏముంటుంది? ఆ నీళ్ళే కదా మేమందరం తాగుతున్నది? ఇలా నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఏ తప్పూ లేకపోతే రేఖ చూపును ఎందుకు తప్పించుకున్నాను? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని సామెత ఉంది. నాలాంటి వాళ్ళను చూసే పుట్టించి ఉంటారు.

“మందుతోనే సార్,” అంది రేఖ. “షాపులో ఇచ్చిన మందుతోనే.”

“నీళ్ళేమన్నా వాడినావా?”

“లేదు సార్.”

అయితే ఇది వైరస్ వల్ల వచ్చిన పుండులా ఉందన్నాడాయన. చుక్కల మందులు, మాత్రలు రాశాడు. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళమని కూడా చెప్పాడు. ఆయన తప్పేం లేదు. అడగాల్సింది అడిగాడు. చెప్పాల్సింది మేం చెప్పలేదు.

*

నాలుగు రోజులు ఎరుపు తగ్గినట్టే అనిపించింది. ఆరో రోజున గూళ్ళు విడదీసి మదనపల్లె మార్కెట్టుకు తీసుకెళ్ళాను. రేఖను ఇంట్లో పడుకోబెట్టి వెళ్ళాను. అక్కడ ఉమాపతి అని పాత వ్యాపారి, నా గూడును చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు.

“శ్యామలమ్మా, ఈ ఎండకు ఇట్లాంటి గూడా! సేతిలో ఏదో ఉండాదమ్మా నీకు,” అన్నాడు.

మంచి రేటు పలికింది. బస్సులో వస్తూ రేఖకు ఇష్టమని మైసూరుపాకు కొన్నాను. ఇంటికి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపలికి పొమ్మని చేత్తో చూపించాడు. మామూలుగానే ఆయన నోట మాటలు తక్కువ.

గదిలో కిటికీకి రెండు దుప్పట్లు కట్టి ఉన్నాయి. ఆ చీకట్లో రేఖ మంచం పక్కన నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తలను మంచంకోడుకు మెల్లగా, ఒకే వరసన కొట్టుకుంటోంది.

“రేఖా!”

“అత్తా, ఈ కన్ను తీసేయమను. నాకు వద్దు. తీసేయమను.”

నేను పక్కన కూర్చుని, తల పట్టుకుని, తలుపు సందు వెలుతురుకు తిప్పి చూశాను. నల్లగుడ్డు మీద తెల్లగా గుండ్రటి గీత, ముగ్గుపిండితో చుట్టినట్టుగా. పురుగుకు రోగమొస్తే ఏరిపారేసే నేను, ఈ పది రోజులూ ఆ కంటిని సరిగా చూడనే లేదు. మైసూరుపాకు పొట్లం ఇంకా నా చేతిలోనే ఉంది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అప్పుడూ నోరు మాత్రం విప్పలేదు.

“ఇంకో నాలుగు దినాలు మందులుండాయి కదా, అయినాక పోదాం,” అన్నాడు లోకనాథ్, వాడికీ ఏం చేయాలో తోచక. ఆ నాలుగు రోజులూ అలాగే జరిగాయి. ఐదో రోజు రేఖ వాళ్ళమ్మ గంగులమ్మ ఫోన్ చేసింది. కూతురి గొంతు వినగానే, “రేపు పొద్దున కుప్పం తీసుకొని రాండి. నేను ఆడ ఉంటాను,” అని పెట్టేసింది.

*

పలమనేరు, వి.కోట మీదుగా బస్సు. రేఖ రెండు కళ్ళకూ తడిగుడ్డ కట్టుకుని లోకనాథ్ భుజం మీద తల వాల్చింది. కిటికీ పక్కన ఎండ పడినప్పుడల్లా ఒళ్ళంతా ముడుచుకునేది.

గంగులమ్మ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. గొర్రెలు కాచే మనిషి, ఎండకు నల్లబడి, సన్నగా, నిటారుగా ఉంటుంది. కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. నన్ను పలకరించలేదు.

డాక్టరు పేరు ప్రసన్నలక్ష్మి. చిన్న వయసే. ఆమె కూడా చాలాసేపు చూసింది. పాత చీటీలు చదివింది. “నొప్పి చాలా ఎక్కువుందా? పైకి కనిపించే పుండుకంటే నొప్పి ఎక్కువుందా?” అని అడిగింది. రేఖ అవునంది.

“లెన్సుల్ని నీళ్ళతో ఎప్పుడైనా కడిగావా? కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు? ఒక్కసారైనా?”

రేఖ కళ్ళు మూసుకునే ఉంది. ఈసారి నా వైపు తిరగలేదు. “లేదు మేడమ్. మందుతోనే,” అంది, పాఠం అప్పజెప్పినట్టు.

“సరే. అయితే ముందు ఫంగస్‌కు మొదలుపెడదాం,” అంటూ డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది.

“కాదు మేడమ్,” అన్నాను.

నలుగురూ నా వైపు తిరిగారు.

“తొట్టి నీళ్ళు. పన్నెండు దినాలు ఆ నీళ్ళతోనే కడిగింది, ఆ నీళ్ళలోనే నానబెట్టింది. మందు సీసా నేనే తీసి దాచిపెట్టినాను. వాసనకు పురుగులు సస్తాయని.”

డాక్టరమ్మ కలం ఆపింది. “తొట్టి కడిగి ఎన్నాళ్ళయింది?”

“కడగలేదు మేడమ్.”

ఆమె నన్ను తిట్టలేదు. “మంచి పని చేశారమ్మా చెప్పి,” అంది. చెప్పుతో కొట్టినా ఆ మాటంత నొప్పి పుట్టదు. లెన్సుల డబ్బీ తెమ్మంది, తొట్టి నీళ్ళు ఒక సీసాలో పట్టి తెమ్మంది. రేఖ కంట్లో మత్తుచుక్కలు వేసి, పుండు మీద కొంచెం గీరి, పరీక్షకు పంపింది.

వరండాలో లోకనాథ్ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“యాడ పెట్నావు సీసా?”

“మోటారు రూములో.”

“పుంగనూరులో డాక్టరు అడిగినాడు కదా. యాల సెప్పలేదు?”

వాడు ఒక నిమిషం ఆగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి వాడు నన్ను అమ్మా అని పిలవడం మానేశాడు. పని ఉంటే, “ఇదో,” అంటాడు.

సాయంత్రం డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. “అనుకున్నదే. ఇది అమీబా అనే సూక్ష్మజీవి. కంటికి కనపడదు. నీళ్ళలో, మట్టిలో ఎక్కడైనా ఉంటుంది. మామూలుగా మనల్నేమీ చేయదు. లెన్సుకు అంటుకుని, దాని కింద నల్లగుడ్డును ఆనుకుని ఉండిపోతే మాత్రం లోపలికి దిగుతుంది.” నా వైపు తిరిగింది. “మీరు పట్టు వాళ్ళు కదా, మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మందు తగలగానే ఇది తన చుట్టూ గూడు కట్టుకుని దాక్కుంటుంది. మందు ఆపితే మళ్ళీ బయటికొస్తుంది. అందుకే నెలల తరబడి వెయ్యాలి.”

“గూడు కట్టుకొంటాదా?” అన్నాను.

“అవునమ్మా.”

“పది దినాలు ముందే తెలిసుంటే, మేడమ్?”

ఆమె రేఖ వైపు చూసింది, తర్వాత నా వైపు. “ముందు తెలిసుంటే మేలుగా ఉండేది,” అంది.

*

మందు బెంగళూరు నుంచి రైల్లో తెప్పించారు. రెండు రకాల చుక్కలు, ఐదు నిమిషాల ఎడంతో, గంటకోసారి. మొదటి రోజుల్లో పగలూ లేదు, రాత్రీ లేదు. ప్రతి వారం కుప్పంలో చూపించాలి కనుక రేఖను గుడుపల్లెలో వాళ్ళమ్మ దగ్గరే ఉంచారు. నేనూ అక్కడే ఉంటానన్నాను. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ వద్దనలేదు కూడా.

మొదటి రోజు గంగులమ్మ నాకు సంగటి ముద్ద పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆమె గొంతు పెంచలేదు.

“ఊరంతా సెప్తా ఉంటిని వదినా, మా పిల్లది శుభ్రమైన ఇల్లని. కాళ్ళు కడగంది లోపలికి రానియ్యరని. పురుగులకిచ్చిన మర్యాద నా కూతురికి ఇయ్యకపోతివే.”

ఆ ముద్ద మొత్తం తిన్నాను. తిననంటే అది ఇంకో పొగరు అవుతుంది.

గంట చూసి పని చేయడం నాకు తెలిసిన విద్య. మేత వేళలు తప్పనిదాన్ని మందు వేళలు తప్పుతానా? చేతులు సబ్బుతో కడిగి, కాచిన నీళ్ళతో కడిగి, రెప్ప పట్టి చుక్క వేసేదాన్ని. చుక్క పడగానే రేఖ ఒళ్ళంతా కొయ్యబారేది, అంత మంట. ఒక్కసారి కూడా నా చెయ్యి నెట్టెయ్యలేదు. అలా నెట్టి ఉంటే నాకు కాస్త బాగుండేదేమో. జూన్ పోయింది, జులై పోయింది. పంట పెట్టలేదు, షెడ్డుకు తాళం వేశారు. మల్బరీ ముదిరిపోతోందని మా ఆయన ఒకసారి ఫోన్లో చెప్పాడు. ఆవులకు వేయమన్నాను.

శ్రావణంలో నొప్పి పోయింది. ఎరుపు పోయింది. నల్లగుడ్డు నడుమ తెల్లటి మచ్చ మిగిలింది. డాక్టరమ్మ ఎడమ కన్ను మూసి, కుడి కంటి ముందు వేళ్ళు పెట్టి ఎన్ని అని అడిగింది. రేఖ తడబడి, రెండంది. ఆమె పెట్టినవి నాలుగు. కంట్లోని ఆ పురుగు పూర్తిగా చచ్చిందని తేలాక, ఏడాదికో ఏడాదిన్నరకో, ఎవరైనా చనిపోయినవాళ్ళ కన్ను ఇస్తే పైపొర మార్చి చూడొచ్చంది. మాట మాత్రం ఇవ్వలేనంది. అంతవరకూ రోజుకు ఐదుసార్లు చుక్కలు తప్పవు.

ఆ మధ్యాహ్నం గుడుపల్లెలో, అరుగు మీద, రేఖా నేనూ విత్తనానికి శెనక్కాయలు వలుస్తున్నాం. గంగులమ్మ గొర్రెల వెంట వెళ్ళింది. రేఖ ఎడమ కంటికి పాత అద్దం ఉంది, కుడి వైపు అద్దానికి నల్ల కాగితం అంటించుకుంది. వలిచిన గింజ చేటలో వేయబోతే పక్కన పడుతోంది. ఒంటికన్నుతో దూరం అంచనా దొరకడం లేదు. పడిన ప్రతి గింజనూ వెతికి తీసి, మళ్ళీ వేస్తోంది.

మూడు నెలలుగా అడగాలనుకున్న మాట అడిగాను.

“నువ్వన్నా యాల సెప్పలేదు రేఖా? పుంగనూరులో. అత్త సీసా దాసిపెట్టిందని ఒక్క మాట అంటే అయిపోయుండు కదా.”

రేఖ ఇంకో కాయ పగలగొట్టింది, గింజలు తీసింది.

“నేను సెప్తే నీ మీద సాడీ సెప్పినట్ల అయితాది కదత్తా. నువ్వే సెప్తావనుకొంటి.” గొంతులో కోపం లేదు. “డాక్టరు అడిగినాడు సూడు, ఆ పొద్దు నాకు రెండు కండ్లూ కనిపిస్తానే ఉండె. నీ మొగమే సూస్తా కూసోనుంటి. ఇప్పుడు సెప్తాది, ఇప్పుడు సెప్తాది అని.”

మందు వేళ అయింది. లేచి చేతులు కడుక్కుని వచ్చాను. రేఖ అద్దాలు తీసి పక్కన పెట్టి, తనే తల వెనక్కి వాల్చింది. రెప్ప పట్టుకున్నాను. చుక్క కంట్లో పడకుండా చెంప మీద పడింది.

రేఖ కొంగుతో చెంప తుడుచుకుంది.

“మళ్ళా వెయ్యత్తా,” అంది.